తలుపులు లేని కారుకు నీడ, గాలి, గొడుగు: తిరుపతి నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ చివరి వారం

ముందుగా బండిలో ఏమున్నాయో, ఏమి లేవో రాసి పెట్టుకుంటున్నాను. ఉన్నవి: రెండు సీట్లు, ముందు ఇంజను, నిలువుగా ఒక అద్దం, తలల వెనుక రోల్ బార్, అంటే బండి బోల్తా పడితే తలలను కాపాడే కమ్మి. లేనివి: తలుపులు, పైకప్పు, కిటికీలు, డిక్కీ, ఏసీ, చివరికి ఫోను పెట్టుకునే గూడు కూడా. సీటులో కూర్చుని చేయి కిందికి చాపితే రోడ్డు దాదాపు అందుతుంది.

ఇవి లేకపోవడం లోపం కాదు. లోటస్ కార్ల సంస్థను స్థాపించిన కోలిన్ చాప్‌మన్ 1957లో లోటస్ సెవెన్ తెచ్చినప్పుడు పట్టుకున్న దారే అది: అవసరం లేని ప్రతి కిలోనూ తీసేస్తే చిన్న ఇంజను కూడా పెద్ద పని చేస్తుంది. ఆ కారు బరువు 500 కిలోల దరిదాపుల్లో ఉండేది. పూర్తిగా తయారైన కారు మీద అప్పట్లో ఇంగ్లండులో పన్ను ఉండేది కనుక చాలామంది విడిభాగాల పెట్టెలు కొనుక్కుని ఇంటి షెడ్డులోనే బిగించుకున్నారు. 1973లో దాని హక్కులు కేటర్‌హామ్ చేతికి వచ్చాయి. ఆ సంస్థ ఇప్పటికీ అదే ఆకారంలో కార్లు తయారుచేస్తోంది. మన దేశంలో అలీబాగ్ దగ్గర చింకారా మోటార్స్ ఫైబర్ గ్లాస్ బాడీతో, ఇసుజు 1.8 లీటర్ ఇంజనుతో ఒక రోడ్‌స్టర్‌ను, అంటే రెండు సీట్ల ఓపెన్ కారును తయారుచేసింది. నాది కూడా ఆ కుటుంబానికి చెందిన బండే. బెంగళూరులో చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాలి కనుక ఆ కాగితాల పని ముందే పూర్తిచేశాను.

చాప్‌మన్ ఆలోచన మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఆ ఆకారం పుట్టిన వాతావరణం వేరు, నేను నడిపే ఊరు వేరు. అక్కడి చలికి కావలసింది కాళ్లకు వెచ్చటి గాలినిచ్చే హీటరు. తిరుపతిలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. 2021 నవంబరులో మన వీధులు ఏరులై పారడం ఈ ఊరివాళ్లు ఎవరూ మరిచిపోలేదు. అందుకే ఇన్నాళ్లూ ఆదివారం తెల్లవారుజామున ఒంటరిగా చంద్రగిరి దాకా వెళ్లి ఎండ ముదరకముందే ఇంటికి వచ్చేసేవాణ్ని.

మా ఆవిడను రమ్మని అడిగితే ఆమె చెప్పిన మాటను పెన్సిలుతో గోడ మీద రాసుకున్నాను: "దిగేటప్పుడు కాలు కాలకూడదు, వాన వస్తే నానకూడదు, చేతిసంచి ఎగిరిపోకూడదు. ఈ మూడూ చేయండి, తలకోనకైనా వస్తాను." ప్రాజెక్టుకు ఇంతకంటే స్పష్టమైన కొలత ఇంకేం కావాలి!

నాకు నేను పెట్టుకున్న షరతులు కూడా ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. కాబట్టి ఛాసిస్ మీద వెల్డింగ్ లేదు, బాడీకి కొత్త రంధ్రం లేదు. ఏది బిగించినా ఇప్పటికే ఉన్న బోల్టుల మీదే బిగించాలి, పది నంబరు పానాతో ఊడిరావాలి. ప్రతి వస్తువునూ వంటింటి త్రాసు మీద తూచాలి. అన్నీ కలిపి 12 కిలోలు దాటకూడదు. సుఖం పేరుతో ఈ బండిని మామూలు కారుగా మార్చే ఉద్దేశం నాకు లేదు. మామూలు కారు కావాలంటే వీధి చివర షోరూములోనే దొరుకుతుంది.

మే

వేడితో మొదలుపెట్టాను. ఈ బండిలో వేడి మూడు దారుల్లో వస్తుంది. తల మీద ఎండ అందరికీ తెలిసిందే. రెండోది ఇంజనుకు, పెడళ్లకు మధ్యనున్న అడ్డు రేకు. మూడోది రెండు సీట్ల మధ్య గేర్‌బాక్స్‌ను కప్పే గూడు. ఎండ కంటే ఈ రెండే ఎక్కువగా వేధిస్తాయి. మనిషి మోకాళ్ల కింద ఉడికిపోతుంటే ముఖానికి ఎంత గాలి తగిలినా హాయి ఉండదు.

కొలవకుండా పని మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తెచ్చాను. దీని విషయంలో ఒక జాగ్రత్త అవసరం: మెరిసే అల్యూమినియం మీద గురిపెడితే అది అసలు వేడి కంటే చాలా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా బయటికి పంపడం చాలా తక్కువ. కొలవాలనుకున్న ప్రతి చోటా నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీద గురిపెట్టాలి. అలా చూస్తే పెడళ్ల ఎదుటి రేకు 61 డిగ్రీలు, గేర్‌బాక్స్ గూడు 57.

పరీక్షకు తిరుమల ఘాట్‌ను మించిన చోటు లేదు. ఎక్కేది 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు. దిగేది 1944 నాటి మొదటిది. అలిపిరి తనిఖీ దగ్గర క్యూలో నెమ్మదిగా కదలడం, ఆ వెంటనే తక్కువ వేగంలో, తక్కువ గేరులో ఎత్తు ఎక్కడం. ఇంజనుకు పని ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. వేడిని పరీక్షించడానికి ఇంకేం కావాలి? పైగా ఘాట్‌లో నిర్ణీత సమయం కంటే ముందు చేరితే జరిమానా ఉంటుంది కనుక ప్రతిసారీ ఇంచుమించు ఒకే వేగంతో వెళ్తాను. కొలతలను పోల్చడానికి అది నాకు మేలు చేసింది.

మందు సులువైనదే. అర మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకును అడ్డు రేకుకు ఇంజను వైపున నిలబెట్టాను, కానీ ఆనించలేదు. పాత బోల్టుల మీద 12 మిల్లీమీటర్ల స్పేసర్లు (ఎడం ఉంచే ముక్కలు) వేసి మధ్యలో గాలి ఖాళీ వదిలాను. మెరిసే రేకు తన మీద పడే వేడి కిరణాల్లో ఎక్కువ భాగాన్ని వెనక్కి కొడుతుంది. మిగిలిన వేడిని ఆ ఖాళీలో పైకి కదిలే గాలి మోసుకుపోతుంది. రేకును నేరుగా అంటించి ఉంటే వేడి ఒక లోహం నుంచి మరో లోహానికి హాయిగా నడిచిపోయేది. గేర్‌బాక్స్ గూడు లోపల చోటు తక్కువ, అందుకని అక్కడ రేకు పూత ఉన్న గ్లాస్ ఫైబర్ దుప్పటి వేశాను. దాని అంచులన్నీ అల్యూమినియం టేపుతో మూసేశాను, లేకపోతే గాజు పీచు రాలి చర్మానికి దురద పుట్టిస్తుంది. ఇదంతా కలిపి 650 గ్రాములు.

అదే ఘాట్, అదే పొద్దు: రేకు 44, గూడు 46.

తరువాత గాలి. ముందు మూతి పక్కన, రేడియేటరుకు ఎదురు రాని చోట, ఒక గరాటు పెట్టి, 50 మిల్లీమీటర్ల మడత గొట్టంతో గాలిని పెడళ్ల దాకా తెచ్చాను. గొట్టం నోరు రేడియేటరు వెనుక పెడితే వచ్చేది వేడి గాలే కనుక ఆ చోటు ఎంపికే ఇందులో సగం పని. వాన నీరు రాకుండా మధ్యలో జారుడు మూత పెట్టాను. లీలామహల్ కూడలి దగ్గర ఆగినప్పుడు ఎదురుగాలి ఉండదు. అందుకని గొట్టం చివర కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాను ఒకటి. అది తాగే కరెంటు పావు ఆంపియరు మాత్రమే. గొట్టం, మూత, ఫ్యాను కలిపి 900 గ్రాములు.

జూన్

ఎక్కడం, దిగడం. తలుపు లేదు కనుక అంచు మీద కాలు వేసి లోపలికి దిగాలి. ఆ అంచు కిందనే సైలెన్సర్ గొట్టం వెళ్తుంది. అసలు కాలు కాలే చోటు అదే. చిల్లుల స్టెయిన్‌లెస్ స్టీలు రేకును లేత్ షాపులో వంపు తిప్పించి, గొట్టానికి 15 మిల్లీమీటర్ల ఎడంగా క్లాంపులతో పట్టించాను. స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని అంత తొందరగా లాగదు, పైగా చిల్లుల్లో గాలి ఆడుతుంది. బండి ఆపిన వెంటనే చీర కుచ్చెళ్లు తగిలినా ఇబ్బంది లేదు. 700 గ్రాములు. అంచు మీద కాలు జారకుండా గరుకు రబ్బరు పట్టీలు, 200 గ్రాములు.

సీట్ల మీదికి చెప్పుల తయారీలో వాడే ఈవీఏ షీటు, 20 మిల్లీమీటర్లది. మామూలు స్పాంజి నీళ్లు తాగి రెండు రోజులు ఆరదు, ఇది చుక్క కూడా పీల్చదు. పైన తెల్ల నూలు గుడ్డ తొడుగు. ఎండలో నిలబెట్టిన నల్ల రెగ్జిన్ మీద కూర్చున్నవాళ్లకు ఎందుకో చెప్పనక్కర లేదు. రెండూ కలిపి 600 గ్రాములు.

జూలై, ఆగస్టు

ఓపెన్ కారులో గాలి ముందు నుంచి కొడుతుందని బయటివాళ్లు అనుకుంటారు. ముందు అద్దం ఆ పని తాను చూసుకుంటుంది. అసలు బాధ వెనుక నుంచి. అద్దం మీదుగా దూకిన గాలి వెనుక ఒత్తిడి తగ్గుతుంది. ఆ ఖాళీని నింపడానికి గాలి సీట్ల వెనుక నుంచి సుడి తిరిగి మెడ మీదికి వస్తుంది. జుట్టు ముఖం మీదికి ఎగిరేది, సంచిలో కాగితాలు ముందుకు లేచేది అందుకే. ఇంకో రెండు సుళ్లు అద్దం పక్క అంచుల నుంచి భుజాల మీదికి వస్తాయి.

ఊలు దారాలు బెత్తెడు ముక్కలుగా కత్తిరించి రోల్ బార్ మీద, సీట్ల మీద, అద్దం అంచుల మీద టేపుతో అంటించాను. పక్క సీటులో మా అబ్బాయి ఫోనుతో వీడియో తీశాడు. రేణిగుంట రోడ్డులో 60 వేగానికి సీటు మీది దారాలన్నీ ముందుకే చూస్తున్నాయి! సిద్ధాంతం చదివి నమ్మడం ఒక సంగతి, దారం చూపించడం ఇంకో సంగతి.

అప్పుడు అట్టముక్కలతో నమూనాలు కోశాను. రకరకాల ఎత్తులు, కోణాలు మార్చి చూశాను. అట్ట చవక, టేపు చవక, ఓపిక మాత్రమే ఖర్చు. దారాలు సద్దుమణిగిన కొలతకే పాలికార్బనేట్ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్ పలక కోశాను: పక్కలకు 3 మిల్లీమీటర్లది, రోల్ బార్‌కు 4 మిల్లీమీటర్లది.

యాక్రిలిక్ అనే మరో పారదర్శక ప్లాస్టిక్ చవకే కానీ రాయి తగిలితే పెంకుల్లా పగులుతుంది, మనిషి ముఖానికి దగ్గర అది వద్దు. పాలికార్బనేట్ దెబ్బను మింగుకుంటుంది, బరువు గాజులో సగం. దానికి కొన్ని పట్టింపులు ఉన్నాయి. వేడికి బాగా పెరుగుతుంది: మీటరు పొడవు పలక 30 డిగ్రీల తేడాకు సుమారు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకని బోల్టు కంటే రంధ్రం పెద్దగా ఉండాలి, రబ్బరు వాషరు వేయాలి, నట్టును బిర్రుగా బిగించకూడదు. నట్టు వదులు కాకుండా వేసే జిగురు ద్రవం దానికి తగిలితే రంధ్రం చుట్టూ పగుళ్లు పుడతాయి, కాబట్టి లోపలి నైలాన్ రింగుతో వదులు కాకుండా ఉండే నైలాక్ నట్లు వాడాలి. పెట్రోలుతో, థిన్నరుతో తుడవకూడదు. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

పక్క పలకలు అద్దం ఫ్రేము బోల్టులకే పట్టుకున్నాయి, పట్టీలతో కలిపి 650 గ్రాములు. వెనుక పలక క్లాంపులతో 1.4 కిలోలు. మళ్లీ రేణిగుంట రోడ్డు. పక్క సీటులో ఈసారి మా ఆవిడ, తలలో మల్లెపూలు. ఇంటికి తిరిగి వచ్చేసరికి పూలు తలలోనే ఉన్నాయి. "మాట్లాడితే వినబడుతోందండీ" అంది. నేను వెతుకుతున్న ఫలితం అదే.

సెప్టెంబరు

టాపు. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే నచ్చిన పని, నేను ఒక్కణ్నే చేయలేని పని కూడా. సీట్లు కుట్టే పెద్ద షాపులు చాలా ఉన్నాయి కానీ ఎండ, వాన, వేగం మూడూ తెలిసినవాళ్లు ఆటో టాపులు కుట్టేవాళ్లే. ముప్పై ఏళ్లుగా అదే పనిలో ఉన్న ఒకాయన బండి చుట్టూ తిరిగి చూసి, "సార్, ఆటోకు ఇనుప చట్రం ఉంటుంది, గుడ్డ దానికి ఆనుకుని కూర్చుంటుంది. మీ బండికి చట్రమే లేదు. ముందు ఎముకలు తెండి, చర్మం నేను కుడతాను" అన్నారు.

"అన్నా, ఎముకలు మళ్లీ ఊడదీయాలి, మడిచి సీట్ల వెనుక పెట్టుకోవాలి" అన్నాను.

"అయితే రెండే చాలు. మూడోది పెడితే మడత పడదు."

16 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టాలు రెండు విల్లులుగా వంచాను. వంచేటప్పుడు గొట్టం నొక్కుకుపోకుండా లోపల పొడి ఇసుక కూరి, రెండు చివరలా బిరడా కొట్టాను. ఒక విల్లు రోల్ బార్ క్లాంపుల్లో, రెండోది అద్దం ఫ్రేము దగ్గర నిలబడతాయి. సాకెట్లతో కలిపి 900 గ్రాములు. నడుమ 4 సెంటీమీటర్ల ఉబ్బు ఉంచాను. నీళ్లు నిలవకుండా ఉండటానికి ఒక కారణం, రెండోది గాలి. వేగంలో టాపు మీది ఒత్తిడి లోపలి ఒత్తిడి కంటే తగ్గి గుడ్డ పైకి ఉబ్బుతుంది. ముందే వంపుగా, బిగువుగా ఉన్న గుడ్డ తక్కువగా కొట్టుకుంటుంది. అయినా టాపు వేసినప్పుడు 50 దాటకూడదని నియమం పెట్టుకున్నాను.

ముందు పాత దినపత్రికలు అంటించి కొలత కాగితం చేశాం. దాన్ని బట్టి పాత పక్కదుప్పటితో ఒక నమూనా. ఆ తరువాతే పీవీసీ పూత పాలిస్టర్ గుడ్డ, చదరపు మీటరుకు 600 గ్రాములది. కుట్టుకు పాలిస్టర్ దారమే వాడాలన్నారు ఆయన, నూలు దారం ఎండకూ తడికీ రెండేళ్లలో చివికిపోతుందట. రెండు అంచులనూ ఒకదానిలో ఒకటి మడిచి రెండు వరుసలు కుట్టారు. ఆ మడత వాలు వెనక్కి ఉండాలి, అప్పుడు నీరు కుట్టులోకి ఎక్కదు. సూది రంధ్రాల మీద రెగ్జిన్ జిగురు సన్నగా పూశారు. కుట్టు మిషను మీద ఆయన వేళ్లు ఎక్కడా తడబడలేదు. ఇంత నైపుణ్యం ఉన్న మనిషి పనికి మనం ఇస్తున్న వెల చాలా తక్కువ అని నాకు గట్టిగా అనిపించింది. అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాను.

టిచ్ బటన్లు పెడితే సులువే కానీ బాడీకి రంధ్రాలు కావాలి. బదులుగా అద్దం పై అంచుకు తొడిగే అల్యూమినియం చానల్‌లోకి గుడ్డ అంచును దూర్చి, వెనుక వైపు సాగే తాడుతో రోల్ బార్ కాళ్లకు లాగాం. టాపు 1.4 కిలోలు. ఆగిన చోట సీట్లను మూసే పలుచటి కప్పు ఒకటి విడిగా, 800 గ్రాములు. దాని నడుమ జిప్పు ఉంది, ఒంటరిగా నడిపేటప్పుడు పక్క సీటును మూసే ఉంచవచ్చు.

నవంబరు

బంగాళాఖాతంలో అల్పపీడనం, సాయంత్రం నుంచి ముసురు. పరీక్షకు ఇంతకంటే మంచి రోజు రాదు. తిరుచానూరు వెళ్లి వచ్చాను. టాపు కింద తల, ఒడి పొడిగా ఉన్నాయి. కుడి మోచేయి తడిసింది, ఎదురుగా వచ్చే బస్సు చక్రాలు చిమ్మే నీరు పక్క నుంచి లోపలికి వస్తోంది. నేల మీద చేరిన నీరు పాత రంధ్రాల గుండా పోయింది, వాటిని పుల్లతో శుభ్రం చేసి ఉంచడం ముఖ్యం. గొట్టం మూత వేసి ఉంది కనుక పాదాలు తడవలేదు. అద్దానికి లోపల ఆవిరి పట్టినప్పుడు ఆ చిన్న ఫ్యానునే చేత్తో పైకి తిప్పి పెట్టాను, కాసేపటికి అద్దం తేటపడింది. వేసవి కోసం పెట్టినది వానలోనూ పనికి వచ్చింది, చాలా సంతోషం.

డిసెంబరు

పెట్టె. తలకోన అంటే కోతులు. మూత లేని బండిలో చేతిసంచిని వాటి ఎదుట వదిలి 82 మీటర్ల జలపాతం చూడటానికి వెళ్లడం కుదరదు. బోర్డులు తయారుచేసే షాపులో మిగిలిన ఏసీపీ షీటు ముక్కలు తెచ్చాను. రెండు పలుచటి అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉండే షీటు అది. వెనుక పొరనూ ప్లాస్టిక్‌నూ వి ఆకారంలో గాడి తీసి, బయటి పొరను మాత్రం ఉంచితే చేత్తోనే పదునైన మడత వస్తుంది. మూలల్లో రివెట్లు, మూతకు తాళం, రోల్ బార్‌కు చుట్టిన ఉక్కు తాడు. 2.3 కిలోలు. సీట్ల వెనుక, వెనుక ఇరుసుకు ముందే ఉంచాను, బరువు ఇరుసు దాటి వెనక్కి పోతే మలుపుల్లో ముందు చక్రాల పట్టు తేలికవుతుంది.

తీగల పని త్వరగా అయింది. బ్యాటరీకి జానెడు దూరంలోనే 10 ఆంపియర్ల ఫ్యూజు, తాళం చెవితో పనిచేసే రిలే (కరెంటుతో నడిచే స్విచ్చు), అక్కడి నుంచి ఫ్యానుకు, ఫోను చార్జింగుకు, రోల్ బార్ మీది ఎర్ర బ్రేకు దీపానికి విడివిడి ఫ్యూజులు. ఈ దీపాన్ని సుఖాల జాబితాలో రాయడానికి కారణం ఉంది: ఇంత కిందుగా ఉండే బండి లారీ డ్రైవరు కళ్లకు ఆనదు. వాళ్ల చూపు ఎత్తులో ఒక ఎర్ర వెలుగు ఉంటే నా వీపుకు నిశ్చింత. అన్నీ కలిపి 900 గ్రాములు. మంచినీళ్ల సీసాకు 90 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క, 150 గ్రాములు.

మొత్తం 11.55 కిలోలు. వానలు ఆగాక మా ఆవిడ, నేను భాకరాపేట ఘాట్ మీదుగా తలకోన వెళ్లాం. టాపు మడిచి సీట్ల వెనుక, పులిహోర డబ్బా పెట్టెలో. కోతులు పెట్టె మీద కూర్చున్నాయి, తాళం తీయలేకపోయాయి. దిగేటప్పుడు ఆమె కాలు కాలలేదు. తిరుగు దారిలో చినుకులు పడ్డాయి. రోడ్డు పక్కన ఆపి ఇద్దరం కలిసి టాపు వేశాం. ఒక విల్లు ఆమె పట్టుకుంటే పని సగం సమయంలో అయిపోతుందని తెలిసింది.

మిగిలిన పని ఒక్కటే, మోచేయి తడవకుండా పక్క తెరలు. మెత్తటి పారదర్శక పీవీసీ, 0.5 మిల్లీమీటర్లది, రెండు విల్లుల మధ్య వేలాడాలి, చేయి చాపి సైగ చేయడానికి కింద ఒక చీలిక ఉండాలి. మిగిలిన బరువు 450 గ్రాములు, ఆ లోపే రావాలి. టాపు కుట్టిన ఆయనకు కొలత కాగితం ఇచ్చి వచ్చాను. సంక్రాంతి లోపు కుట్టి ఇస్తానన్నారు.